మిగులు కొలిచే పని

మిడిల్స్‌బ్రోలో దిక్కులు తెలుసుకోవడానికి దిక్సూచి అక్కర్లేదు. తలెత్తి ఇంటి కప్పులు చూస్తే చాలు. పొగగొట్టాలకు కట్టిన టీవీ యాంటెన్నాల్లో ఎక్కువ భాగం దక్షిణానికే చూస్తుంటాయి. అటు పాతిక కిలోమీటర్ల లోపే, నార్త్ యార్క్ మూర్స్ గుట్టల మీద బిల్స్‌డేల్ ట్రాన్స్‌మిటర్ ఉంది. ఇంగ్లండు ఈశాన్యాన టీస్ నది చుట్టుపక్కల ఊళ్లకు, ఉత్తర యార్క్‌షైర్ పల్లెలకు, డరమ్ ప్రాంతంలో కొంత భాగానికి టీవీ బొమ్మ అక్కణ్ణుంచే వస్తుంది. ఆ బొమ్మ ఇళ్లలోకి సరిగ్గా దిగేలా చూడటం నా పని. నిచ్చెనలు, మీటరు, డ్రిల్లు, కేబుల్ చుట్టలు, వాటిని మోసుకు తిరిగే ఒక వ్యాను, ఇదీ నా సరంజామా.

మాది నాయుడుపేట పక్కన పల్లె. నేనున్నప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లాలో కలిసింది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి నాయుడుపేటలో టీవీ రిపేరు కొట్టు పెట్టుకున్నాను. మా ఆవిడ నర్సు. 2000 దశకం మొదట్లో ఇంగ్లండు ఆసుపత్రులు బయటి దేశాల నర్సులను పిలిచినప్పుడు ఆమెకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఆమె వెనకే నేనూ పిల్లలూ వచ్చాం. చలికి వణుకుతూ, ఏం పని దొరుకుతుందా అని వెతుక్కుంటున్న రోజుల్లో యాంటెన్నాలు బిగించే ఒక పెద్దాయన సహాయకుడు కావాలని ప్రకటన ఇచ్చాడు. "నిచ్చెన ఎక్కుతావా?" అని అడిగాడు. "వంద కిలోమీటర్ల అవతలి మద్రాసు బొమ్మ పట్టిన వాణ్ణి సార్" అన్నాను. నవ్వి, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

మద్రాసు మాట గొప్ప కోసం చెప్పింది కాదు. అక్కడ దూరదర్శన్ 1975లో మొదలైంది. మా వైపు దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ రాకముందు డబ్బున్న వాళ్లు మిద్దె మీద ఇనప పైపు మీద పైపు ఎక్కించి, మూడు వైపులా తీగలు లాగి కట్టి, పైన బూస్టర్ పెట్టి, ఆ అరవ బొమ్మనే చూసేవాళ్లు. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యాక పైపుల ఎత్తు ఇంకా పెరిగింది. ఒకరు పైన తిప్పాలి, ఇంకొకరు వసారాలో నిలబడి అరవాలి. "వచ్చింది... పోయింది... కొంచెం ఎనక్కి తిప్పు అబ్బయా!" ఆ కేకలే మా మీటరు.

నిజానికి ఆ రోజుల్లో బొమ్మే మీటరు. సంకేతం బలహీనమైతే తెర మీద చుక్కలు కురిసేవి. ఎక్కడో గుట్టకో గోపురానికో తగిలి తిరిగొచ్చిన తరంగం కూడా యాంటెన్నాలో పడితే మనిషి పక్కన మరో నీడ మనిషి కనిపించేవాడు. వేరే స్టేషన్ అడ్డొస్తే గీతలు పాకేవి. బొమ్మలో ఏ జబ్బు ఉందో చూసి యాంటెన్నాలో ఏం చెయ్యాలో చెప్పేయవచ్చు. ఇంటివాళ్లకు కూడా అది తెలుసు. బొమ్మ రోజురోజుకూ పాడవుతుంటే పూర్తిగా పోకముందే మాకు కబురు పెట్టేవాళ్లు.

డిజిటల్ వచ్చాక ఈ ముందస్తు కబురు ఆగిపోయింది. డిజిటల్ ప్రసారంలో బొమ్మ అంకెలుగా మారి వస్తుంది. ఆ అంకెలతో పాటు, దారిలో కొన్ని చెడినా తిరిగి దిద్దుకోవడానికి కావలసిన అదనపు అంకెలు కూడా పంపుతారు. టీవీ లోపల దిద్దుబాటు జరుగుతూ ఉన్నంతసేపు బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. దిద్దుకోగలిగిన దానికన్నా ఒక్క రవ్వ ఎక్కువ చెడితే గళ్లు గళ్లుగా పగిలి, గొంతు తెగి, తెర నల్లబడుతుంది. ఎండాకాలం బావిలో నీళ్లు ఎంత కిందికి దిగినా చేద నిండుగానే పైకొస్తుంది. అడుగున బండకు చేద తగిలిన పూటే నీళ్లు లేవని ఇంటికి తెలుస్తుంది. డిజిటల్ బొమ్మ సరిగ్గా అంతే. అది ఇవాళ బాగుందన్న మాట, రేపటి గురించి ఏమీ చెప్పదు.

అందుకే నన్ను పనిలో పెట్టుకున్న ఆ పెద్దాయన, మా గురువు, మొదట నేర్పిన పాఠం, టీవీకి వీపు పెట్టి మీటరు చూడమని. ఇంటావిడ "బ్రహ్మాండంగా వస్తోంది, ఇక చాల్లే" అంటుంటే ఆయన పట్టించుకునేవాడు కాదు. "బొమ్మ వస్తోందా అన్నది ఆవిడ ప్రశ్న. ఎంత మిగిలి ఉందన్నది మన ప్రశ్న" అనేవాడు. నా పనంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మీటరులో నేను చూసేవి మూడు. మొదటిది సంకేతం ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె. టీవీ సాకెట్ దగ్గర అది 45 నుంచి 65 డెసిబెల్ మైక్రోవోల్టుల మధ్య ఉండేలా చూస్తాం. డెసిబెల్ లెక్కలో మూడు తగ్గితే శక్తి సగమైనట్టు. రెండోది సంకేతం ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఎం.ఇ.ఆర్. గట్టిగా ఉన్న సంకేతం శుభ్రంగా ఉండాలని లేదు. కప్పు మీద మంచి యాంటెన్నా దగ్గర ఇది 30 దాటి ఉంటే నాకు నిశ్చింత. ఇరవైల మొదట్లోకి దిగితే బొమ్మ ఎంత బాగున్నా నేను అక్కణ్ణుంచి కదలను. మూడోది తప్పుల రేటు, బి.ఇ.ఆర్. ఇక్కడి మామూలు ప్రసారాల్లో దిద్దుబాటు రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె దాటాక 5,000 బిట్లకు ఒక తప్పు మిగిలినా రెండో అంచె దాన్ని దాదాపు పూర్తిగా తుడిచేస్తుంది. ఆ గీతకు ఎంత ఇవతల ఉన్నామన్నదే మిగులు.

డిజిటల్‌లో అన్నీ చిక్కులే అనుకోకండి. మా పాత శత్రువు నీడ బొమ్మను అది దాదాపు చంపేసింది. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. నేరుగా వచ్చే తరంగం కన్నా మూడు కిలోమీటర్లు ఎక్కువ చుట్టు తిరిగి వచ్చిన తరంగం పది మైక్రోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పాత బొమ్మలో తెర మీద ఒక గీత గీయడానికి పట్టే సమయం 52 మైక్రోసెకన్లు. అంటే నీడ తెర వెడల్పులో దాదాపు ఐదో వంతు జరిగి కనిపించేది. డిజిటల్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ గదిలో 6,817 సన్నని వాహకాలు పక్కపక్కన నడుస్తాయి. ఒక్కోటీ నింపాదిగా, ఒక్కో గుర్తును 896 మైక్రోసెకన్ల పాటు మోస్తుంది. గుర్తుకూ గుర్తుకూ మధ్య ఇక్కడి మామూలు ప్రసారాల్లో 28 మైక్రోసెకన్ల ఎడం వదులుతారు. ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు చుట్టు తిరిగి వచ్చిన తరంగం కూడా ఆ ఎడంలోనే చేరిపోతుంది కాబట్టి తర్వాతి గుర్తును చెడగొట్టదు. క్లీవ్‌లాండ్ కొండల వారన ఉన్న ఇళ్లలో ఏళ్ల తరబడి నీడ మనుషులను చూసిన వాళ్లకు ఇది వరమే.

అయినా మమ్మల్ని ఎందుకు పిలుస్తారంటే, మిగులును తినేసేవి ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటికన్నా ముందు నీళ్లు. ఈ దేశంలో వాన గట్టిగా కురవదు, ఆగనూ ఆగదు. యాంటెన్నా పెట్టె మూత కాస్త వదులైనా, ఎండకూ గాలికీ కేబుల్ తొడుగు నెర్రె విచ్చినా, తడి లోపలికి దిగి వైరు పొడవునా పాకుతుంది. కొన్ని ఇళ్లలో టీవీ వెనక పిన్ను పీకితే నీటి చుక్క రాలుతుంది. చవక రకం కేబుల్‌లో రాగి అల్లిక పలచగా ఉంటుంది. దానిలోంచి సంకేతం బయటికి కారడమే కాదు, బయటి రొద లోపలికి చొరబడుతుంది. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా బొమ్మ తుళ్లిపడుతోందని చెప్పే ఇంట్లో నేను ముందు ఫ్రిజ్ దగ్గరికి పోను, కేబుల్ పట్టుకుంటాను.

రెండోది సముద్రం. రెడ్‌కార్, సాల్ట్‌బర్న్, విట్బీ ఊళ్లలో ఉప్పుగాలి అల్యూమినియాన్ని బూజు పట్టిస్తుంది, ఇనప బిగింపులను పొరలు పొరలుగా ఊడదీస్తుంది. పైగా అక్కడి సీగల్ పక్షులకు యాంటెన్నా కమ్ములంటే మహా ప్రీతి. బలిసిన పక్షి ఒక్కటి కూర్చుంటే కమ్మి వంగుతుంది, జంటగా వాలితే యాంటెన్నా తలే పక్కకు తిరుగుతుంది. అందుకని ఆ ఊళ్లలో పొడవాటి సన్న కమ్ముల రకం మానేసి, పొట్టిగా దిట్టంగా ఉండే రకం వాడతాను. రాబడి కాస్త తగ్గినా, నిలకడ ఉంటుంది.

మూడోది చెట్లు. టీవీకి వాడే తరంగాలను తడి ఆకులు బాగా పీల్చుకుంటాయి. చలికాలంలో మోడుగా ఉన్న చెట్టు మధ్యలోంచి సంకేతం హాయిగా వస్తుంది. మే నెలకు ఆకు కమ్ముకున్నాక, వాన పడి గాలి లేచిన సాయంత్రం, బొమ్మ విరుగుతుంది. గ్రేట్ ఐటన్‌లో ఒకాయన "నువ్వు ఫిబ్రవరిలో వచ్చి కొలుస్తావు, మా చెట్టు జులైలో పగ తీర్చుకుంటుంది" అన్నాడు. అందుకే చలికాలంలో బిగించేటప్పుడు దక్షిణం వైపు ఏ చెట్టుందో చూసి, ఆ వేసవి నష్టాన్ని ముందే లెక్కలో వేస్తాను. పక్కింటి వాళ్ల చెట్టును కొట్టించడం మన చేతిలో లేదు. యాంటెన్నాను నాలుగడుగులు పక్కకు జరిపితే చాలాసార్లు దారి దొరుకుతుంది.

ఇక నాలుగోది, మనుషులు తెచ్చిపెట్టుకునేది. బొమ్మ సరిగ్గా రావడం లేదంటే బజారుకెళ్లి బూస్టర్ కొనుక్కొస్తారు. మా నాయుడుపేటలో బూస్టర్ ప్రాణం పోసేది, ఎందుకంటే మద్రాసు దూరం. రెడ్‌కార్‌లో ఒక ముసలావిడ ఇంట్లో యాంటెన్నా కింద ఒక బూస్టర్, అటక మీద ఇంకొకటి ఉన్నాయి. టీవీ దగ్గర సంకేతం 90 దాటి ఉంది. అంత బలం వచ్చి మీద పడితే టీవీ ముందు భాగం తట్టుకోలేక, లేని తరంగాలను తనే పుట్టించుకుని వాటిలో మునుగుతుంది. నేను రెండు బూస్టర్లూ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. చానళ్లన్నీ వచ్చాయి.

"ఏం పెట్టావు నాయనా?" అంది.

"ఏమీ పెట్టలేదమ్మా, తీసేశాను."

"తీసినందుకు కూడా డబ్బులివ్వాలా?" అని నవ్వి, టీ పోసిచ్చింది. ఈ వృత్తిలో సగం సంపాదన ఇతరులు పెట్టినవి తీయడంలోనే వస్తుంది.

వాతావరణం సంగతి వేరు. వేసవిలోనో శరత్తులోనో గాలి ఒత్తిడి పెరిగి, ఆకాశం తేటపడి, సముద్రం మీద నిశ్చలంగా ఉంటే మామూలు జనానికి పండగ, మాకు ఫోన్ల వాన. చల్లగాలి మీద వెచ్చగాలి పొర పరుచుకుంటే టీవీ తరంగాలు దాని కింద వంగి, పోవలసిన దూరం కన్నా ఎన్నో రెట్లు పోతాయి. ఉత్తర సముద్రం అవతలి దేశాల ట్రాన్స్‌మిటర్లు అదే ఫ్రీక్వెన్సీలో మా తీరానికి వచ్చి బిల్స్‌డేల్‌ను ముంచేస్తాయి. మన యాంటెన్నాలో తప్పేమీ లేదు. గాలి మారగానే సర్దుకుంటుంది. అలాంటి రోజు నేను ఇంటికి పోను, ఫోన్‌లోనే ఒక్క మాట చెబుతాను. రీట్యూన్ నొక్కకండి.

ఇది చెప్పినంత తేలికగా వినే మాట కాదు. టీవీలో బొమ్మ పోతే చేతికి పని చెప్పాలనిపిస్తుంది. రీట్యూన్ నొక్కగానే టీవీ తన జ్ఞాపకంలో ఉన్న చానళ్లన్నీ చెరిపేసి మళ్లీ వెతుకుతుంది. ఆ గడియలో బిల్స్‌డేల్ మునిగి ఉంటే దొరికిందేదో రాసుకుంటుంది. సాయంత్రానికి గాలి మారి సంకేతం తిరిగొచ్చినా, టీవీకి మాత్రం దాని చిరునామా గుర్తుండదు. అప్పుడు మళ్లీ నాకు ఫోను. "ఏం నొక్కారు?" అంటే, "ఏమీ నొక్కలేదయ్యా" అనే జవాబు అన్ని దేశాల్లోనూ ఒకటే.

రెండు ట్రాన్స్‌మిటర్లు అందే ఊళ్లలో ఇంకో తమాషా. యార్క్, థర్స్క్ వైపు ఇళ్లకు ఉత్తరం నుంచి బిల్స్‌డేల్, నైరుతి నుంచి ఎమ్లీ మూర్ రెండూ తగులుతాయి. బిల్స్‌డేల్ మోసేది న్యూకాజిల్ వైపు ప్రాంతీయ వార్తలు, ఎమ్లీ మూర్ మోసేది లీడ్స్ వైపువి. టీవీ ఒకదాన్ని ఒకటో నంబరులో, రెండోదాన్ని 800 పైన ఎక్కడో పెడుతుంది. జాతీయ వార్తల తర్వాత వచ్చే ఆ అరగంట ప్రాంతీయ వార్తల కోసం జనం ఇంత పట్టుబడతారని నేననుకోలేదు. తమ ఊరి ఫుట్‌బాల్ జట్టు సంగతి కాకుండా పక్క ఊరి జట్టు సంగతి చూపిస్తోందని ఒకాయన ఫిర్యాదు చేస్తే, యాంటెన్నా పక్కకు తిప్పి, రీట్యూన్ చేసి, కావలసిన దాన్ని ఒకటో నంబరుకు తెచ్చి వచ్చాను. ఆయన జట్టు ఆ వారం ఓడిపోయిందనుకోండి, అది నా బాధ్యత కాదు.

కొండ మరుగున పడిన లోయలకు బిల్స్‌డేల్ నేరుగా అందదు. అక్కడ రిలే ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి. గిస్‌బరో, విట్బీల్లో ఉన్నవి అలాంటివే. అవి తల్లి ట్రాన్స్‌మిటర్ నుంచి గాల్లో వచ్చిన సంకేతాన్నే పట్టి, వేరే ఫ్రీక్వెన్సీలో లోయలోకి వదులుతాయి. ప్రధాన ట్రాన్స్‌మిటర్‌కు యాంటెన్నా కమ్ములు అడ్డంగా ఉండాలి, ఇలాంటి రిలేలకు ఎక్కువగా నిలువుగా. ఒక వీధిలో కొన్ని యాంటెన్నాలు పడుకుని, కొన్ని నిలబడి కనిపిస్తే కారణం అదే. ఇంకో తేడా కూడా ఉంది. ఇక్కడ ఒక్కో ఫ్రీక్వెన్సీలో చానళ్ల కట్ట ఒకటి వస్తుంది, మేం మక్స్ అంటాం. బిల్స్‌డేల్ నుంచి ప్రధానంగా ఆరు కట్టలు. రిలేల నుంచి మూడే, అంటే ప్రజాసేవా ప్రసారాలవి మాత్రమే. ఆ మూడు కట్టలు దేశంలో 98.5 శాతం ఇళ్లకు అందేలా చూడాలన్నది లక్ష్యం. వాణిజ్య కట్టలకు ఆ నిర్బంధం లేదు, అవి తొంభై శాతం దగ్గర ఆగుతాయి. "పక్క వీధి వాళ్లకు వచ్చే చానల్ మాకెందుకు రాదు?" అని లోయలో అడిగితే, గుట్టను చూపించి, ఆర్థికశాస్త్రం కొంచెం చెప్పాలి.

నేను వచ్చేనాటికి ఇక్కడ పాత ప్రసారమూ డిజిటలూ రెండూ నడుస్తుండేవి. ఫ్రీవ్యూ అనే ఉచిత డిజిటల్ టీవీ సేవ 2002 అక్టోబరులో మొదలైంది. పాత ప్రసారానికి అడ్డు రాకూడదని డిజిటల్‌ను తక్కువ శక్తితో పంపేవాళ్లు. అందుకని ఎన్నో ఇళ్లలో కొత్త పెట్టె కొన్నా బొమ్మ నిలిచేది కాదు. 2007లో వైట్‌హేవెన్ ఊరితో మొదలైన మార్పిడి ప్రాంతం తర్వాత ప్రాంతంగా దేశమంతా పాకింది. మా వంతు 2012 సెప్టెంబరులో, 12న ఒక విడత, 26న మరో విడత. ఆ తర్వాత పాత బొమ్మ లేదు. డిజిటల్ శక్తి పెరిగింది, అప్పటిదాకా రాని ఇళ్లకూ వచ్చింది. బిల్స్‌డేల్‌కు పాత ప్రసారం రోజుల్లో వాడిన యాంటెన్నాలకు కొసన ఎర్ర బిరడా ఉండేది, అంటే కింది ఫ్రీక్వెన్సీల రకం. ఎన్నో ఏళ్ల కిందట కట్టిన ఎర్ర బిరడా యాంటెన్నాలు కొన్ని ఆ మార్పిడిని మారకుండా దాటేశాయి. "డిజిటల్ యాంటెన్నా" అని చెప్పి కొత్తవి అంటగట్టిన వాళ్లూ ఆ రోజుల్లో లేకపోలేదు. నిజానికి డిజిటల్ యాంటెన్నా అనేదే లేదు. కమ్మికి తరంగం తెలుసు, దాని లోపల ఏముందో తెలియదు.

టీవీకున్న చోటు మాత్రం విడతలుగా తగ్గింది. ఒకప్పుడు 21 నుంచి 68 దాకా నంబర్ల ఫ్రీక్వెన్సీ గదులు దాదాపు అన్నీ టీవీవే. పై భాగం 4జి ఫోన్లకు పోయింది, 2020 నాటికి మరో ముక్క 5జి కోసం పోయి, 48తో ఆగింది. అలా జరిపినప్పుడల్లా రీట్యూన్, ఫోన్లు, నిచ్చెన.

ఇదంతా ఇళ్ల మిగులు సంగతి. ప్రాంతం మొత్తానికే మిగులు లేదని 2021 ఆగస్టు 10 మధ్యాహ్నం తెలిసింది. ఒకే సమయంలో వేర్వేరు ఊళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయంటే తప్పు ఎవరి కప్పు మీదా లేదని అర్థం. బిల్స్‌డేల్ టవర్‌కు నిప్పంటుకుంది. 1969లో కట్టిన 314 మీటర్ల టవర్ అది. లక్షల ఇళ్లలో టీవీ ఆగిపోయింది. రేడియో కూడా పోయింది. తల్లి నుంచి పట్టుకుని బతికే రిలేలు కూడా దానితో పాటే మూగబోయాయి. ఆ రోజు ఎవరింట్లో ఏ మీటరు పెట్టినా సున్నాయే.

జనం అడిగింది ఒక్కటే, ఏం చెయ్యాలని. వాయవ్యాన పాంటప్ పైక్ అనే మరో పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంది, మిడిల్స్‌బ్రోకు యాభై కిలోమీటర్లకు కాస్త తక్కువ. అది కూడా మా ప్రాంతీయ వార్తలే మోస్తుంది. ఎత్తున ఉన్న ఇళ్లకు యాంటెన్నా అటు తిప్పితే పని జరిగింది. పల్లంలో ఉన్నవాళ్లకు ఎంత తిప్పినా లేదు. కొద్ది రోజుల్లోనే మిడిల్స్‌బ్రో పక్కనున్న ఎస్టన్ నాబ్ గుట్ట మీద నుంచి తాత్కాలిక ప్రసారం మొదలైంది. అది దగ్గరి పట్టణాలకు దన్నుగా నిలిచింది, దక్షిణాన కొండల అవతలి పల్లెలకు కాదు. అక్టోబరులో పాత టవర్‌ను కూల్చేసి, మూర్ మీద 80 మీటర్ల తాత్కాలిక టవర్ నుంచి ప్రసారం ఇచ్చారు. సమతలం మీద 314 మీటర్ల కొన నుంచి రేడియో దిగంతం 70 కిలోమీటర్లు దాటుతుంది, 80 మీటర్ల నుంచి అందులో సగమే. గుట్ట ఎత్తు కొంత ఆదుకున్నా, లెక్కలోని ఆ సగం ఎక్కడెక్కడ పోయిందో నాకు ఇంటింటా కనిపించింది. మళ్లీ దాదాపు 300 మీటర్ల కొత్త టవర్ నిలబడి పూర్తి ప్రసారం వచ్చేసరికి 2023 మే అయింది.

ఆ నెలల్లో నేను చూసింది ఒకటుంది. ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు ఒక పూట విసుక్కుని, ఫోన్‌లోనో పెట్టెలోనో చూసుకోవడం మొదలుపెట్టాయి. నన్ను పదేపదే పిలిచినవాళ్లు మాత్రం ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. వాళ్లకు టీవీ వినోదం కాదు, ఇంట్లో వినిపించే రెండో గొంతు. మొదట్లో పాంటప్ పైక్ వైపు తిప్పిన ఇళ్లలో కొన్నింటిని మళ్లీ తిప్పాలా, ఉంచాలా అన్న తర్జనభర్జన వచ్చింది. నేను కొలిచి, మిగులు ఎటు ఎక్కువుంటే అటు వదిలేశాను. ఆ ఇళ్లు ఇప్పటికీ వాయవ్యానికే చూస్తున్నాయి.

సెలవుకు నాయుడుపేట పోయినప్పుడు మా పాత మిద్దెల వైపు చూస్తాను. పైపులు లేవు. దూరదర్శన్ తన పాత భూతల ట్రాన్స్‌మిటర్లను, సరిహద్దుల్లాంటి యాభై దాకా కీలక స్థలాల్లో తప్ప, 2022 మార్చి నాటికి ఆపేసే పని పెట్టుకుంది. మా వైపు దాని గురించి ఎవరూ అడిగింది లేదు. కేబుల్, డిష్ ఎప్పుడో వచ్చేశాయి. 2016లో దూరదర్శన్ డిజిటల్ భూతల ప్రసారం మొదలుపెట్టిన పదహారు నగరాల్లో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, తెలుగు నగరం ఒక్కటీ లేదు. అక్కడ ఉచితంగా టీవీ చూడాలంటే ఫ్రీ డిష్ ఉంది, ఉపగ్రహం నుంచి. ఇక్కడ మాత్రం కప్పు మీది యాంటెన్నా ఇంకా లక్షల ఇళ్లకు మొదటి దారి.

ఎన్నాళ్లు? ఇక్కడి భూతల ప్రసారాలకు 2034 దాకా భరోసా ఉంది. ఆ తర్వాత కొనసాగించాలా, అందరినీ ఇంటర్నెట్‌కు మార్చాలా అని ప్రభుత్వంలో చర్చ నడుస్తోంది. నా తర్వాత వ్యాను నడిపే కుర్రాళ్లు దొరకడం లేదు, వాళ్లు పదేళ్లకు మించి భవిష్యత్తు లేని పని నేర్చుకోమంటే వినరు. నేను టీవీ ఏ దారిన రావాలన్న పక్షపాతంతో మాట్లాడటం లేదు. రేపు అంతా ఇంటర్నెట్‌లో వస్తే కేబుల్ లాగే పని నాకూ దొరుకుతుంది.

కాని నిర్ణయించేవాళ్లు సగటు చూస్తారు, నేను మాత్రం కొసను కొలుస్తాను. సగటు ఇంట్లో బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది. అక్కడ కొలిచి అంతా సవ్యంగా ఉందనుకోవడం, ఇంటావిడ మాట విని మీటరు పెట్టకుండా వచ్చేయడం లాంటిదే. లోయ చివరి ఇంట్లో, వాన రోజున, ఇంటర్నెట్ బిల్లు కట్టలేని ఎనభై ఏళ్ల ఆవిడ గదిలో కొలవాలి. ఆవిడకు కొత్త దారిలో బొమ్మ వస్తోందా అని ఒకసారి, ఆ దారి తెగితే ఏం మిగులుతుందని ఇంకోసారి. రెండో ప్రశ్నకు జవాబు దొరికాక టవర్ ఆపినా నాకు అభ్యంతరం లేదు. అంతదాకా, దక్షిణం వైపున్న చెట్టు ఏ కాలంలో ఆకు వేస్తుందో చూసుకుంటూ, నేను నిచ్చెన ఎక్కుతూనే ఉంటాను.